పెనుకొండలో లేని అగ్నిపర్వతం

హిందూపురం

హిందూపురం వాళ్ళు అండమాన్‌కు పోవాలంటే దక్షిణానికి పోవాలి. బెంగళూరు విమానాశ్రయం మాకు దగ్గరే. నేను మాత్రం మొదట ఉత్తరానికి పోయాను. పెనుకొండ, ధర్మవరం చూసుకుని, మళ్ళీ హిందూపురానికే వచ్చి, మరునాడు విమానం ఎక్కాను. ముప్పై ఏళ్ళకు పైగా భూగోళం చెప్పి పింఛను తీసుకుంటున్న మనిషి ఇలా దిక్కు తప్పి పోవడానికి ఒక కారణం ఉంది.

మన దేశంలో ఇప్పటికీ పొగలు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే. అండమాన్ సముద్రంలో, బారెన్ అనే ద్వీపం మీద ఉంది. అసలు ఆ ద్వీపమే అగ్నిపర్వతం. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు. నా ఉద్యోగమంతా నల్లబల్ల మీద దాన్ని ఒక చుక్కగా పెట్టి చూపించాను. చేరిన కొత్తలో నా నోట్సులో దాన్ని ‘నిద్రాణం’ అని రాసుకున్నాను. తొంభై ఒకటిలో అది నిద్ర లేచింది. నా నోట్సు లేవలేదు. ఇంకో ఆరేడేళ్ళు నా పిల్లలంతా అది నిద్రపోతూనే ఉందని పరీక్షల్లో రాశారు, నేను మార్కులు వేశాను. ఇది నా తప్పుల్లో చిన్నది. పెద్దదాని కోసమే ఉత్తరానికి పోయింది.

తోడు వచ్చినవాడు దేవదానం. పెనుకొండలో నేను పాఠం చెప్పిన బళ్ళోనే డ్రిల్లు సారు. జ్వరమని కూర్చున్న పిల్లవాడిని కూడా మైదానం చుట్టూ రెండుసార్లు తిప్పి, చెమట పట్టాక ‘పోయిందా జ్వరం?’ అని అడిగిన మనిషి. నా పెద్ద తప్పుకు ఆయనొక్కడే సాక్షి.

“నీ పాపం కడుక్కునేదానికి నాకెందుకప్పా సముద్రం?” అన్నాడు టికెట్లు తీసేటప్పుడు.

“నీకు చేపలు ఇష్టం కదా.”

“అది నిజమే,” అని సంచి సర్దుకున్నాడు.

పెనుకొండ

బస్సు దిగగానే ఆటో దొరికింది. నడిపే గంగాధర నా దగ్గర పదో తరగతి దాకా చదివినవాడే. వెనక సీట్లో కోట చూడటానికి బెంగళూరు నుంచి వచ్చిన దంపతులు కూర్చుని ఉంటే, మమ్మల్ని ఇద్దరినీ చెరో పక్క తన సీటు మీదే ఇరికించుకున్నాడు. ఊరి మీదికి వంగినట్టుండే ఆ కొండ కనబడగానే మెడ వెనక్కి తిప్పి మొదలుపెట్టాడు.

“చూడండి సార్, ఈ బెట్ట ఉండాది కదా, ఇది ఉత్త బెట్ట కాదు. ఆరిపోయిన అగ్నిపర్వతం. ఒకప్పుడు దీంట్లోంచి నిప్పులు కారినాయి. నేను ఊరికే చెప్పడం లేదు. మా సోషల్ సారు చెప్పినాడు. ఇదో, ఈయనే ఆ సారు.”

ఆ దంపతులు నాకు నమస్కారం పెట్టారు. నేను తిరిగి పెట్టాను. దేవదానం గంగాధర వీపు వెనకనుంచి చెయ్యి చాపి నన్ను పొడిచాడు.

“చెప్పు,” అన్నాడు.

“తర్వాత,” అన్నాను.

ఆ ‘తర్వాత’కు అప్పటికే ఇరవై ఏళ్ళ వయసు.

పెనుకొండ అగ్నిపర్వతం కాదు. ఒకప్పుడు అయ్యుండి ఆరిపోయిందీ కాదు. అది గ్రానైట్ కొండ. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక అధికారి తనిఖీకి వచ్చి, పాఠం మధ్యలో, “విలుప్త అగ్నిపర్వతానికి స్థానికంగా ఒక ఉదాహరణ చెప్పండి” అన్నాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు. కిటికీలోంచి కొండ కనిపించింది. చెయ్యి చూపించాను. ఆయన తల ఊపి, “బాగుంది, పిల్లలకు కళ్ళెదుట చూపించాలి” అన్నాడు. ఆ మెప్పు కోసం ఆ కొండలో నిప్పు పెట్టాను. ఆ తర్వాత ఏటా ఆర్పుతూ వచ్చాను.

ఇరవై ఏళ్ళ కిందట ఒక్క పిల్ల అడ్డం తిరిగింది. పేరు పద్మావతి. ధర్మవరం నేతగాళ్ళ బిడ్డ, పెనుకొండలో మేనత్త ఇంట్లో ఉండి చదివేది. తొమ్మిదో తరగతిలో లేచి నిలబడి, “సార్, మా మామ రాయి కొట్టే పని చేస్తాడు. ఈ కొండ రాయి, లేపాక్షి బసవన్న రాయి ఒక మాదిరిదే అంటాడు. పుస్తకంలో అగ్నిపర్వతం రాయి బొక్కలు బొక్కలుగా ఉంటుందని ఉండాది. మన కొండలో ఒక్క బొక్కన్నా లేదు కదా సార్?” అంది.

సరైన జవాబు ‘అవునమ్మా’. నేను ఇచ్చిన జవాబు, ‘పెనుకొండ ఆరిపోయిన అగ్నిపర్వతం’ అని నూరుసార్లు రాసుకు రమ్మనడం. రాసుకొచ్చింది. మొదటి వరుస ఎంత పొందికగా ఉందో నూరో వరుసా అంతే.

ఆ పొందిక చూసే మరుసటి ఏడు అనంతపురం సైన్స్ ప్రదర్శనకు ఆ పిల్లనే పంపాను. మట్టితో పెనుకొండ చేయించాను. లోపల సీసా, సీసాలో వంటసోడా, పైనుంచి పోయడానికి కుంకుమ కలిపిన నిమ్మరసం. అట్ట మీద ‘మా ఊరి అగ్నిపర్వతం’ అని ఆ పిల్ల చేతే రాయించాను. చూడటానికి వచ్చిన న్యాయనిర్ణేత కాలేజీలో రాళ్ళ పాఠం చెప్పే ఆయన. అట్ట చదివి నవ్వాడు. పక్కవాళ్ళను పిలిచి చూపించాడు. “ఎవరు చెప్పారమ్మా నీకు ఇది?” అని అడిగాడు. పద్మావతి నా వైపు చూసింది. నేను రెండు బారల దూరంలో ఉన్నాను.

“పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నారు సార్. నేనూ ఇప్పుడే చూస్తున్నాను,” అన్నాను.

అప్పుడే ఎవరో నిమ్మరసం పోశారు. ఎర్రటి నురగ కొండ మీంచి పొంగి బల్లంతా కారింది. జనం గోల. నా మాట ఆ పిల్ల చెవిన పడిందో లేదో తెలియలేదు. నా పక్కనున్న దేవదానానికి మాత్రం పడింది. పదో తరగతి పాసయ్యాక పద్మావతి ధర్మవరం వెళ్ళిపోయి మగ్గం ఎక్కింది. రాళ్ళ గురించి చదువుతానని అంతకు ముందు అందరితో చెప్పేదట.

నేను మాత్రం ఆ నవ్వు విన్న తర్వాత కూడా, రిటైరయ్యే దాకా, పెనుకొండ అగ్నిపర్వతమేనని చెబుతూ వచ్చాను. కాదని చెప్పాలంటే ఎప్పుడు తెలిసిందో చెప్పాలి. అది చెప్పాలంటే ఆ రోజు ఏమన్నానో చెప్పాలి.

ధర్మవరం

యాత్రకు ముందే ఆ పిల్లకు అన్నీ చెప్పేయాలని పోయాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే వస్తుంది, ఆ మగ్గాలన్నిటికీ పద్మావతి ఇల్లు తెలుసు. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకదాని మీద తనే కూర్చుని ఉంది. భర్త చీరలు తీసుకుని బెంగళూరుకు పోయాడట.

నన్ను చూసి లేవబోయి, ఆగి, “ఒక్క నిమిషం సార్, ఇది ఇడిసిపెట్టకూడదు,” అంది.

నేస్తోందనుకున్నాను. చూస్తే విప్పుతోంది. జానెడు నేసిన పట్టులోంచి ఒక్కొక్క పోగే వెనక్కి లాగుతోంది. ఎక్కడో వెనక, అంచు దగ్గర, ఒక పోగు తప్పుగా పడిందట. నా కంటికి అది కనబడనే లేదు.

“ఒక్క పోగుకు ఇంత విప్పాలా? ఎవరు చూస్తారమ్మా?” అన్నాను.

“చూసేటోళ్ళు చూస్తారు సార్. తప్పు యాడ పడిందో ఆడికే పోవాల. ఈడినుంచి సర్దుకుంటే కుదరదు.”

దేవదానం నన్ను చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

మజ్జిగ ఇచ్చింది. యాడికి పోతాండారని అడిగింది. అండమాన్‌కు పోతున్నామన్నాను.

“ఆడ ఏముండాది సార్?”

“అగ్నిపర్వతం.”

గ్లాసులు తీసుకుంటూ, ముఖంలో ఏ మార్పూ లేకుండా, “దానికి అంత దూరమెందుకు సార్? పెనుకొండలోనే ఉండాది కదా?” అంది.

వెటకారమో, మర్యాదో, నిజంగానే అనుకుంటోందో తెలుసుకోలేకపోయాను. చెప్పాలనుకున్న మాట బదులు, “నాలుగు చీరలు చూపించమ్మా,” అన్నాను. నెమలికంఠం రంగు చీర ఒకటి కొన్నాను.

వాకిటిదాకా వచ్చి, “పోయొచ్చినాక చెప్పండి సార్, నిజమైంది ఎట్లుంటుందో,” అంది.

బస్టాండుకు నడుస్తూ దేవదానం అన్నాడు: “క్షమాపణ చెప్పేదానికి పోయి పట్టుచీర కొనుక్కొచ్చిన మగోణ్ణి నిన్నే చూస్తాండా.” నా భార్య ఆ చీర చూసి, ఇన్నేళ్ళ తర్వాత ఎందుకింత ప్రేమ పుట్టిందని నేను విమానానికి బయల్దేరేదాకా అనుమానంగా చూసింది.

శ్రీ విజయపురం

నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరు ఇప్పుడు శ్రీ విజయపురం. నా నోట్సులో ఇంకా పాత పేరే ఉంటుంది.

మా జిల్లా మనిషికి మొదట ఆశ్చర్యం కలిగించేది సముద్రం కాదు, పచ్చదనం. రాయి మీద కూడా ఏదో ఒకటి మొలిచి ఉంటుంది. దేవదానం ఒక గోడ మీద మొలిచిన ఫెర్న్ మొక్కను చాలాసేపు చూసి, “దీనికి ఎవురు నీళ్ళు పోస్తాండారప్పా?” అన్నాడు. నీళ్ళు మాత్రం మనలాగే. చుట్టూ సముద్రం ఉన్నా ఎండాకాలంలో ఇక్కడా కొళాయి రోజు విడిచి రోజు వస్తుందని లాడ్జి మనిషి చెప్పాడు. ఆ మాట వినగానే మాకు పరాయి ఊరనే బెరుకు పోయింది.

కొబ్బరిబొండం మా హిందూపురం ధరే, కాయలో నీళ్ళు మాత్రం రెట్టింపు. టీలో అల్లం ఎక్కువ. అన్నం తినడానికి పోయిన మెస్సులో వడ్డించే వాళ్ళు, తినే వాళ్ళు సగం మంది తెలుగువాళ్ళే. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళు. మా మాట వాళ్ళకు, వాళ్ళ మాట మాకు కొత్త. “కూర ఉండాదా?” అని దేవదానం అడిగితే, వడ్డించే ఆమె “ఉన్నాది బాబూ, ఏటి కావాలి?” అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. చేపల పులుసులో చింతపండు మన చెయ్యి అంత ధారాళంగా లేదు. దేవదానం మాత్రం మూడుసార్లు వేయించుకుని, తన సాక్ష్యానికి ఇది చాలన్నాడు.

బారాటాంగ్

ఓడకు ఇంకా రెండు రోజులుందని బురద అగ్నిపర్వతం చూడటానికి పోయాం. దారి జారవా అనే ఆదివాసుల అడవి గుండా. బండ్లన్నీ వరుసగా పోవాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. మంచి నియమాలు. అయినా మా బండిలో వాళ్ళంతా అద్దాలకు ముక్కులు ఆనించుకునే ఉన్నారు, నాతో సహా.

అడవిలో కొంత దూరం ఎక్కితే వెదురు కంచె, కంచెలో బూడిదరంగు బురద. చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి మధ్యలో ఒక బుడగ లేచి, ఉబ్బి, ‘లొట’ మని పగిలింది. అంతే. రాగిసంగటి కుండలో, కిందికి దించే ముందు, చివర్లో లేచే బుడగ చూసినవాళ్ళు బారాటాంగ్ రానక్కర్లేదు.

“దీనికేనా రెండు పడవలు ఎక్కిచ్చినావు?” అన్నాడు దేవదానం.

పేరుకు అగ్నిపర్వతమే గాని ఇందులో అగ్ని లేదు, కరిగిన రాయి లేదు. భూమి లోపలి వాయువు బురదను పైకి నెడుతుంది. అది చల్లగా పగులుతుంది. ఇదే మాట కొంచెం గంభీరంగా అక్కడున్న నలుగురికీ వివరించడం మొదలుపెట్టాను. పాఠం చెప్పేటప్పుడు రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి నడవడం నాకు అలవాటు. వెనకడుగులో కంచె వంగిన చోట కాలు జారి మడమ దాకా దిగబడింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. కాపలా మనిషి కర్రతో తీసి ఇచ్చి, హిందీలో ఏదో అన్నాడు. అది పొగడ్త కాదని తెలిసేంత హిందీ నాకు వచ్చు.

“అగ్నిపర్వతంలో కాలు పెట్టి బతికొచ్చినావు. పెనుకొండలో చెప్పుకో, నమ్ముతారు. నీ మాట ఏదైనా నమ్ముతారు ఆడ,” అన్నాడు దేవదానం. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఓడ మీద

సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి బారెన్ దగ్గర ఉంటామన్నారు. ఓడ కదిలిన గంటకే దేవదానం బెంచీ మీద వాలిపోయాడు. ముఖం పాలిపోయింది. మధ్యాహ్నం మెస్సులో మళ్ళీ మూడుసార్లు వేయించుకున్న పులుసు మూడుసార్లూ లెక్కగా వెనక్కి వచ్చింది. ‘మైదానం చుట్టూ రెండు రౌండ్లు వేస్తావా?’ అని అడగాలనిపించింది గాని పాపమనిపించి ఊరుకున్నాను.

మా పక్కన అప్పలనాయుడనే పెద్దాయన కూర్చున్నాడు. టెక్కలి దగ్గరనుంచి వాళ్ళ తాత వచ్చాడట. ఈయన ఇక్కడే పుట్టి, రేవులో పనిచేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉండి బారెన్ చూడలేదని, ఇప్పుడు బయల్దేరాడు. దేవదానానికి ఎండు ఉసిరికాయ ముక్క ఇచ్చాడు. నేను ఆయనకు మా చెనిక్కాయ పప్పుండలు, అదే వేరుశెనగ ఉండలు, ఇచ్చాను.

“ఏటి మాస్టారూ, ఈ అగ్నిపర్వతాలన్నీ ఒకలాగే ఉంటాయేటి?” అని అడిగాడు.

ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళను నేను వదలను. దోశెపిండితో మొదలుపెట్టాను. పిండి పల్చగా ఉంటే పెనమంతా పరుచుకుంటుంది. లావా కూడా అంతే. పల్చటిది దూరం దూరం పారి, బోర్లించిన డాలులా వెడల్పుగా, వాలు తక్కువగా కూర్చుంటుంది. అవి డాలు అగ్నిపర్వతాలు. చిక్కటి లావా ఎక్కువ దూరం పోదు. అలా ఒక పొర లావా, ఒక పొర బూడిద పడి పడి నిటారుగా లేచేవి మిశ్రమ అగ్నిపర్వతాలు. ఇక మా హిందూపురంలో చెనిక్కాయ మిల్లు గొట్టం కింద పొట్టు కుప్ప చూస్తే మూడోది అర్థమవుతుంది. బుగ్గి, గులకరాళ్ళు పైకి ఎగిరి చుట్టూ పడి, కుప్పగా పోసినట్టు నిలబడతాయి. పైన గుంట. అది బుగ్గి శంకువు. ఇవి ఆకారాన్ని బట్టి. వయసును బట్టి మళ్ళీ మూడు. రగులుతున్నవి, నిద్రపోతున్నవి, ఆరిపోయినవి.

“నిద్రపోతున్నాదో ఆరిపోయినాదో ఎలాగ తెలుస్తాది మాస్టారూ?”

“లేస్తే గాని తెలియదు. చాలాసార్లు మాలాంటి వాళ్ళం ముందే రాసేస్తాం.”

ఆయన పప్పుండ నములుతూ, “మరి మీ వైపు ఉన్నాయేటి ఇలాటివి?” అన్నాడు.

బెంచీ మీద పడుకున్న దేవదానం ఒక కన్ను తెరిచాడు.

“లేవు,” అన్నాను. “మా వైపువి మామూలు రాతి కొండలు.”

ఇరవై ఏళ్ళుగా నోట్లోనే ఉన్న మాట బయటికొచ్చింది. ఓడ మునగలేదు. అప్పలనాయుడు “అలాగా” అని ఇంకో పప్పుండ తీసుకున్నాడు. పెనుకొండ పేరు కూడా వినని మనిషికి, నడి సముద్రంలో, నిజం చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. దేవదానానికి కూడా తెలిసినట్టుంది. ఆ కన్ను మళ్ళీ మూసుకున్నాడు.

బారెన్ ద్వీపం

తెల్లవారగానే అందరూ ఒకే పక్కకు చేరారు. సముద్రంలోంచి లేచిన పెద్ద గోడ. బయటివైపు కొంతమేర పచ్చటి చెట్లు. ఇదేనా అని కొందరు అప్పుడే నిట్టూర్చారు. ఓడ మెల్లగా తిరిగి పడమటి వైపుకు వచ్చింది. అక్కడ గోడ విరిగి ఉంది. విరిగిన చోటునుంచి లోపల కనిపించింది.

నల్లటి నేల. నిన్న దున్నినట్టు గడ్డలు గడ్డలుగా, గొడ్డలి అంచుల్లాంటి రాళ్ళు లోపలినుంచి సముద్రం దాకా పరుచుకుని ఉన్నాయి. అది పారి చల్లారిన లావా. దాని వెనక, ఆ పెద్ద గోడ మధ్య, ఒంటరిగా ఒక శంకువు. అచ్చం మా మిల్లు పొట్టు కుప్పే. కొననుంచి సన్నటి తెల్లటి పొగ. గాలి మా వైపు తిరిగినప్పుడు కాలిన అగ్గిపుల్లల వాసన వచ్చింది.

“ఇంతేనా?” అన్నాడు దేవదానం. ముఖం కడుక్కుని తేరుకున్నాడు. “మా నాయన బీడీ ఇంతకన్నా పొగ ఇచ్చేది.”

ఒకప్పుడు అక్కడ చాలా పెద్ద పర్వతం ఉండేది. మేం చూసిన గోడ దాని అంచు. పర్వతం పేలి, తనలోకి తాను కూలిపోయింది. కూలిన గుంట మధ్యలో ఈ చిన్న శంకువు తర్వాత పుట్టింది. ఈ సంగతి నేను ఏటా చెప్పాను. చూడటం వేరు. కూలిన పర్వతం తన విరిగిన గోడలు దాచుకోలేదు. ఎవరైనా పడవేసుకుని వచ్చి చూడొచ్చు.

గోడ మీద, పచ్చగా ఉన్న మేర, నాలుగు చుక్కలు కదిలాయి. మేకలు. ఎప్పుడో ఓడలవాళ్ళు వదిలిపోయినవట. అగ్నిపర్వతం మీద తరతరాలుగా కాపురం చేస్తున్నాయి. “మన నల్లచెరువు మేకల కంటే బాగుండాయి,” అన్నాడు దేవదానం. ఆ రోజు ఆయన ఇచ్చిన ఒకే ఒక మెచ్చుకోలు అది.

ఓడ ఇంజను తగ్గించారు. మాటలు తగ్గాయి. అప్పుడు కొండ దగ్గింది. మరో మాట నాకు దొరకడం లేదు. లోతునుంచి ఒక పొడి దగ్గు, కొననుంచి గోధుమరంగు బూడిద ఒక ముద్దగా లేచి, మెలికలు తిరిగి, గాలికి వాలిపోయింది. కాసేపటికి మా చేతుల మీద, ఓడ కమ్మీల మీద, కంటికి ఆనీ ఆననంత సన్నటి దుమ్ము. అప్పలనాయుడు రెండు చేతులూ జోడించాడు.

‘ఎవరు చెప్పారమ్మా నీకు ఇది?’ అని అడిగినప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగిన ముఖం గుర్తుకొచ్చింది. అడిగేవాడు లేకపోయినా ఈ కొండ తన మాట తనే చెబుతోంది. నేను చేయించిన కొండ నోరుండీ ఏమీ చెప్పలేకపోయింది, నిమ్మరసం పోస్తే తప్ప.

దిగడానికి వీల్లేదు. అది నాకు ముందే తెలుసు. అయినా సరంగును అడిగాను, ఒక్క రాయి, బొక్కలున్నది, చిన్నది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, నా బురద చెప్పు దగ్గర ఆగి, లేదన్నాడు.

తిరుగు దారిలో నాకొక ఆలోచన వచ్చింది. గ్రానైట్ కూడా ఒకప్పుడు కరిగిన రాయే. భూమి లోపలే ఉండిపోయి, పైకి రాకుండానే నిదానంగా చల్లారింది. “ఆ లెక్కన పెనుకొండ కూడా నిప్పులోంచి పుట్టిందే కదా? నేను చెప్పింది పూర్తిగా తప్పేమీ...”

“గమ్మునుండప్పా,” అన్నాడు దేవదానం. “నిజం చెప్పి ఇంకా ఒక దినం కూడా కాలేదు.”

మళ్ళీ ధర్మవరం

ఈసారి దేవదానం లోపలికి రాలేదు. “సాక్షి బయటే ఉంటాడు. నువ్వు పో,” అని వీధి చివర టీ అంగడి దగ్గర ఆగిపోయాడు.

పద్మావతి మగ్గం మీదే ఉంది. చీర మారింది, ఈసారిది ఎరుపు. ద్వీపం గురించి చెప్పాను. విరిగిన గోడ, నల్లటి నేల, దగ్గు, మేకలు. చెయ్యి ఆపి వింది. రాయి తేవాలనుకున్నానని, తేనివ్వలేదని కూడా చెప్పాను.

“రాయెందుకు సార్, మా ఇంట్లోనే ఉండాది,” అని లోపలికి పోయి, బూడిదరంగు రాయి ఒకటి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. కాలి మడమలు రుద్దుకునే రాయి. ఫ్యాన్సీ అంగళ్ళలో అమ్ముతారు. ఒళ్ళంతా బొక్కలు. చెంబులో వేస్తే తేలింది.

“ఇది అగ్నిపర్వతం రాయే కదా సార్? కొన్న దినమే చూసినా. పెనుకొండ రాయి కూడా ఒకటి తెప్పించి వేసినా. మునిగిపోయింది.”

ఇక నా దగ్గర చెప్పడానికి కొత్త సంగతి ఏమీ లేదు, ఒక్కటి తప్ప.

“అమ్మా, ఆ రోజు అనంతపురంలో, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నారని...”

“విన్నా సార్.”

పక్క ఇంటి మగ్గం చప్పుడు వినబడుతోంది.

“ఆ నవ్వినాయన నవ్వు అప్పుడే మర్చిపోయినా,” అంది. “నేను తప్పు చెప్పినానని నవ్వినాడు, తప్పే కదా. మీ మాటే... మొన్న మీరొచ్చినప్పుడు చెప్తారేమో అనుకున్నా. చీర కొనుక్కొని పోయినారు.”

“తప్పు చేశానమ్మా. అన్నది నేనే, నూరుసార్లు రాయించింది నేనే. నువ్వు అడిగిన రోజే నీ మాట నిజం.”

పద్మావతి చెంబులోంచి రాయి తీసి, కొంగుతో తుడిచి, పక్కన పెట్టింది. పోనీలెండి అనలేదు. అంటుందని నేను కొంచెం ఆశపడ్డాను, అది కూడా ఒప్పుకోవాలి.

“నాకు చెప్తే ఏమయితాది సార్? నాకు తెలుసు కదా,” అంది. మళ్ళీ మగ్గం ఎక్కి, అడ్డపోగు నేసే నాడె చేతిలోకి తీసుకుంది. “తెలియనోళ్ళు పెనుకొండలో ఉండారు.”

మొన్న వెనక్కి లాగిన పోగులు గుర్తుకొచ్చాయి. తప్పు యాడ పడిందో ఆడికే పోవాల.

మళ్ళీ పెనుకొండ

బస్సు దిగి దేవదానంతో ఆటోస్టాండుకు పోయాను. గంగాధర, మరో అయిదారుగురు డ్రైవర్లు, ఆటోలో ఎక్కడానికి సిద్ధంగా ఒక కుటుంబం. వీళ్ళలో ముగ్గురు నా పిల్లలే. బల్ల లేదు, చాక్‌పీసు లేదు. కొండ మాత్రం ఉంది.

“గంగాధరా, నేను మీకు తప్పు చెప్పినాను. ఇది అగ్నిపర్వతం కాదు. ఎప్పుడూ కాదు. నాకు తెలియక మొదలుపెట్టినా, తెలిసి కూడా చెబుతూ వచ్చినా.”

గంగాధర నన్ను చూశాడు, తర్వాత దేవదానాన్ని చూశాడు, తర్వాత నా చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టాడు.

“ఎండలో తిరగొద్దు సార్ ఈ వయసులో. నీళ్ళు తాగినారా?”

“నేను చెప్పేది విను. అది గ్రానైట్.”

“అయితే కానీ లేండి సార్. రేపు ఇంకోటి చెప్తారు. మేము పరీక్షలో రాసినాం, మీరు మార్కులు వేసినారు. ఇప్పుడు కాదంటే ఆ మార్కులు ఏం చేయాల?” మిగతా డ్రైవర్లు నవ్వారు. నాకు టీ చెప్పారు.

ఆ కుటుంబాన్ని ఎక్కించుకుని పోతూ గంగాధర వాళ్ళకు చెబుతున్న మాట వినబడింది. “ఇది ఆరిపోయిన అగ్నిపర్వతం సార్. మా సారే చెప్పినాడు. పాపం, ఇప్పుడు ఆయనకు మతిమరుపు వచ్చింది.”

దేవదానం చాలాసేపు నవ్వాడు. టీ తాగి, కళ్ళు తుడుచుకుని, “నమ్మించేదానికి ఎన్నేళ్ళు పట్టింది?” అన్నాడు.

“ముప్పై పైనే.”

“అయితే ఇది మొదటి దినం.”

ఇప్పుడు వారానికొక రోజు పెనుకొండకు పోతున్నాను. ఆటోలో కూర్చుని, గంగాధర అగ్నిపర్వతం అన్న ప్రతిసారీ వెనక్కి తిరిగి, కాదండీ, గ్రానైటు అని చెబుతున్నాను. నమ్మినవాళ్ళు తక్కువ. నాకు చోటు ఇవ్వడానికి గంగాధర ఇంకా విసుక్కోలేదు. యాత్రికులకు ఇది కూడా చూడదగ్గ వింతేనని అతని లెక్క. మొన్న అక్కడినుంచి ధర్మవరం దాకా పోయి పద్మావతి ఇంట్లో ఆగాను. పని ఆపకుండానే అడిగింది.

“యాడిదాకా వచ్చింది సార్, విప్పడం?”

“ఇంకా ఆటోస్టాండు దాటలేదమ్మా.”

“అట్లయితే బడి ఇంకా దూరముండాది,” అని, మజ్జిగ తేవడానికి లేచింది.